ఫిల్టర్ ప్రెస్ గుడ్డ దిగుమతి: 8421 కిందికా, 5911 కిందికా?

ప్రశ్న – గూడెం తవుడు నూనె

అందరికీ నమస్కారం. తాడేపల్లిగూడెం దగ్గర ఒక తవుడు నూనె రిఫైనరీలో కొనుగోళ్లతో పాటు దిగుమతి కాగితాలు కూడా నేనే చూస్తాను. నూనెను చల్లబరిచి మైనం వేరు చేసే ఫిల్టర్ ప్రెస్‌కు (గుడ్డ కప్పిన ప్లేట్ల మధ్య నూనెను ఒత్తి వడకట్టే యంత్రం) పాలీప్రొపిలీన్ గుడ్డను మేము విదేశం నుంచి తెప్పించుకుంటున్నాము. గత ఏడాదిలో రెండు సరుకులు విశాఖ రేవులో దిగాయి. సరఫరాదారు ఇన్వాయిసులో 8421 99 అని (సుంకం లెక్కకు సరుకు రకాన్ని చెప్పే టారిఫ్ కోడ్, ఇది వడపోత యంత్రాల విడిభాగాలది) ఉన్నందువల్ల మా క్లియరింగ్ ఏజెంటు అదే కోడ్ వేసి, ‘ఫిల్టర్ ప్రెస్ విడిభాగాలు’ అని వివరణ రాసి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) దాఖలు చేశారు. ఆ రెండుసార్లూ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మూడో సరుకు విషయంలో మాత్రం, ఇది సాంకేతిక వినియోగపు వస్త్రాలకు చెందిన 5911 కిందికి వచ్చే వస్తువు కాదా అని మదింపు అధికారి అడిగారు.

ఈ సరుకులో కొంత గుడ్డ చుట్టల రూపంలో ఉంది. కొంత మా ప్లేట్ల కొలతకు కత్తిరించి, మధ్యలో రంధ్రం చేసి, రెండు ముక్కలను ఆ రంధ్రం దగ్గర మెడలాగా కలిపి కుట్టినది. వీటితో పాటు వడపోతకు కలిపే డయాటమైట్ (ఒక రకం శిలాజ మట్టి) పొడి కూడా కొన్ని సంచులు ఉంది. యంత్రానికి తప్ప మరి దేనికీ పనికిరాని గుడ్డ యంత్రభాగం ఎందుకు కాదో నాకు అర్థం కావడం లేదు. దాళ్వా కోతలు మొదలయ్యాయి, తవుడు రోజూ వస్తోంది. తవుడు నిలవ ఉంటే నూనెలో ఆమ్లం పెరుగుతుందని మీకు తెలియనిది కాదు. సరుకు త్వరగా బయటికి రావాలి, అలాగని తప్పుడు కోడ్‌తో తెచ్చుకోవాలనీ లేదు. తెలిసినవారు దారి చూపగలరు.

జవాబు 1 – కాకినాడ రేవు

గూడెం వారికి నమస్కారమండి. నేను ఇరవై ఏళ్లకు పైగా కాకినాడలోనూ విశాఖలోనూ కస్టమ్స్ బ్రోకర్ల దగ్గర పనిచేశాను. అధికారి అడిగిన ప్రశ్న న్యాయమైనదే అని ముందుగా చెప్పాలి.

యంత్రానికి తప్ప మరి దేనికీ పనికిరాదు కాబట్టి యంత్రభాగమే అనే వాదన సహజంగా తోస్తుంది; నేనూ కొత్తలో అలాగే అనుకునేవాడిని. కానీ కస్టమ్స్ టారిఫ్ చట్టం, 1975 మొదటి షెడ్యూలుకు ఉన్న వ్యాఖ్యాన నియమాలలో మొదటిదాని ప్రకారం, వర్గీకరణను నిర్ణయించవలసినవి హెడింగుల్లోని (అంటే నాలుగంకెల కోడ్ల) మాటలు, సెక్షన్ నోట్లు, చాప్టర్ నోట్లు. 8421 అనేది టారిఫ్‌లో యంత్రాలకు చెందిన పదహారో సెక్షన్‌లో ఉంది. విడిభాగాలను ఏ యంత్రంతో కలపాలో చెప్పే రెండో నోట్ దగ్గరికి వెళ్లే ముందే, ఆ సెక్షన్ మొదటి నోట్‌లోని ‘ఇ’ ఖండం 5911 కిందికి వచ్చే సాంకేతిక వినియోగపు వస్త్ర వస్తువులను సెక్షన్ నుంచే తీసివేసింది. అంటే మీ గుడ్డ 5911లోకి వస్తుందా అని ముందు చూడాలి. వస్తే ఇక 8421 అనే మాటే లేదు. చాలామంది రెండో నోట్ చదివి ఆగిపోతారు, చిక్కు అక్కడే వస్తుంది.

ఇక 59వ చాప్టర్‌లో 8వ నోట్ చూడండి. 2022 సవరణకు ముందు ఇదే 7వ నోట్‌గా ఉండేది, కాబట్టి పాత తీర్పులు చదివేటప్పుడు ఈ అంకె గుర్తుపెట్టుకోండి. అందులో ‘ఎ’ భాగం తానుగా ఉన్న, లేదా పొడవుకు గానీ కేవలం చతురస్రంగా, దీర్ఘచతురస్రంగా గానీ కత్తిరించిన సరుకుకు వర్తిస్తుంది, అదీ నోట్‌లో పేరు చెప్పిన రకాలకు మాత్రమే. నూనె ప్రెస్‌లలోనూ అలాంటి వాటిలోనూ వాడే వడపోత గుడ్డను అందులో పేరు పెట్టి చెప్పారు. మనిషి వెంట్రుకలతో నేసినదాన్ని కూడా కలిపారు. పూర్వం గానుగ ప్రెస్‌లలో వెంట్రుకల గుడ్డ వాడేవారు, ఆ జ్ఞాపకం టారిఫ్‌లో ఇంకా నిలిచి ఉంది. ‘బి’ భాగం కుట్టు, రంధ్రాలు వంటి పని జరిగి వస్తువుగా తయారైన వాటికి వర్తిస్తుంది. యంత్రభాగాలనే మాట అక్కడ స్పష్టంగానే ఉంది. కాబట్టి మీ చుట్టలు 5911 40 కిందికి, మెడ కుట్టిన ముక్కలు నా అభిప్రాయంలో 5911 90 కిందికి వస్తాయి. రెంటినీ ఒకే వరుసలో చూపించకుండా బిల్ ఆఫ్ ఎంట్రీలో వేర్వేరు వరుసలుగా చూపించండి.

సరఫరాదారు వేసిన కోడ్ మనకు ప్రమాణం కాదండి. మొదటి ఆరంకెలు ప్రపంచమంతటా ఒకటే అయినా, కస్టమ్స్ చట్టం, 1962లోని 17వ సెక్షన్ కింద స్వయంగా మదింపు చేసుకోవలసిన బాధ్యత దిగుమతిదారుదే.

జవాబు 2 – ప్రెస్‌హౌస్ ఇంజనీర్

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. అయితే కాగితం మీద 5911 అని రాసే ముందు గుడ్డను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. నేను మరో రిఫైనరీలో నిర్వహణ విభాగంలో ఉన్నాను. మా దగ్గరికి వచ్చే పాలీప్రొపిలీన్ గుడ్డలో ఒక్కో పోగు చేపల గాలపు తాడులాగా నున్నగా, ఒంటిదిగా ఉంటుంది. మైనపు కేకు దాని మీద అంటుకోకుండా పలకగా జారి పడుతుంది. ఆ పోగు మందాన్ని మైక్రోమీటరుతో కొలిచి రాసి పెట్టుకోండి. టారిఫ్ దృష్టిలో అడ్డుకొలత ఎక్కడా 1 మిల్లీమీటరు దాటని ఒంటిపోగే వస్త్రపు నూలుగా నిలుస్తుంది. దాటితే అది ప్లాస్టిక్, 39వ చాప్టర్. పట్టీలతో నేసినదైతే వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. మా గుడ్డలో పోగు పావు మిల్లీమీటరు దగ్గర ఉంటుంది, మీదీ అలాగే ఉండవచ్చు, కానీ కొలిచిన కాగితం ఉంటే ప్రయోగశాలకు నమూనా పంపినా కంగారు ఉండదు.

మా అనుభవంలో ఇంకొక చిక్కు వచ్చింది. ఒకసారి గుడ్డలతో పాటు లీఫ్ ఫిల్టరుకు వేసే స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ చుట్టలు, పాలీప్రొపిలీన్ చట్రంలో బిగించిన కార్ట్రిడ్జులు ఒకే ఇన్వాయిసులో ‘ఫిల్టర్ మీడియా’ అనే ఒకే పేరుతో వచ్చాయి. తీగతో నేసిన జాలీ 7314 కిందికి పోతుంది. చట్రమూ మూతలూ కలిసి తయారైన కార్ట్రిడ్జును వస్త్ర వస్తువుగా చూడరు, దానికి 8421 99 సరైనదే. ఒక్క పేరు పెట్టినందువల్ల అన్నిటినీ విప్పి చూపించవలసి వచ్చింది, వారం రోజులు పోయాయి. కాబట్టి వివరణలో దేనితో నేసినదో, చదరపు మీటరు బరువెంతో, కుట్టు ఉందో లేదో, ఏ ప్రెస్‌కు వాడతారో రాయించండి.

డయాటమైట్ గురించి ఎవరూ చెప్పలేదు. దాన్ని ఊరికే కాల్చినదైతే 2512, సోడా లాంటి ద్రవకారి (ఫ్లక్స్) కలిపి కాల్చి ఉత్తేజితం చేసినదైతే 3802. సంచి విప్పితే చాలావరకు రంగే చెబుతుంది: ఊరికే కాల్చినది గులాబీ ఛాయలో, ద్రవకారితో కాల్చినది తెల్లగా ఉంటుంది. రంగును నమ్మి కోడ్ వేయకండి, తయారీదారు నుంచి తయారీ విధానం రాతపూర్వకంగా తెప్పించండి.

జవాబు 3 – భీమవరం పద్దులు

వర్గీకరణ విషయం తేలింది కాబట్టి, ఇప్పుడు చేయవలసిన పని గురించి రాస్తాను.

అధికారి ప్రశ్నకు కేటలాగు, గుడ్డ నమూనా జతచేసి, చుట్టలకూ కుట్టిన ముక్కలకూ విడివిడిగా జవాబు ఇవ్వండి. పరీక్షకు పంపుతామంటే కస్టమ్స్ చట్టం 18వ సెక్షన్ కింద తాత్కాలిక మదింపు కోరి, బాండు ఇచ్చి సరుకు విడిపించుకోవచ్చు, మిల్లు ఆగదు. ఏ కారణం చేతనైనా అధికారి వర్గీకరణ మీకు సమ్మతం కాకపోతే, అంగీకారపత్రం మీద సంతకం చేయకండి. రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే పునర్మదింపు జరిగిన పదిహేను రోజుల్లో కారణాలతో కూడిన ఉత్తర్వు ఇవ్వాలని 17(5) చెబుతోంది. దాని మీద అరవై రోజుల్లో కమిషనర్ (అప్పీల్స్) దగ్గరికి వెళ్లవచ్చు. అప్పీలు చేయకుండా తర్వాత వాపసు అడుగుదామనుకుంటే కుదరదు. మదింపు ఉత్తర్వు మారనిదే వాపసు లేదని సుప్రీంకోర్టు 2019లో ఐటీసీ కేసులో తేల్చి చెప్పింది.

పాత రెండు సరుకుల విషయాన్ని మాత్రం దాటవేయకండి. నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది అదే. వాటి మీద తక్కువ సుంకం కట్టినట్లు తేలితే, నోటీసు రాకముందే తేడాను వడ్డీతో సహా మీ అంతట మీరే చెల్లించి రాతపూర్వకంగా తెలియజేయండి. దాపరికం లేని కేసులో అలా చేస్తే నోటీసూ జరిమానా ఉండవని 28వ సెక్షన్‌లోనే ఉంది. మామూలు కేసులో రెండేళ్ల వెనక్కి మాత్రమే అడగగలరు, ఉద్దేశపూర్వకంగా దాచారంటే ఐదేళ్లు. ఈసారి ప్రశ్న వచ్చాక కూడా వచ్చే సరుకును పాత కోడ్‌తోనే తెస్తే, తెలియక చేశామని చెప్పుకోవడం కష్టం.

ముందు ముందు సందేహం లేకుండా ఉండాలంటే అడ్వాన్స్ రూలింగ్ (ఏ కోడ్ వర్తిస్తుందో ముందుగానే ఇచ్చే అధికారిక నిర్ణయం) అడగండి. ముంబై, ఢిల్లీలలో ఉన్న అథారిటీ దరఖాస్తు అందిన మూడు నెలల్లో రూలింగ్ ఇవ్వాలి, అది కొన్నేళ్ల పాటు చెల్లుతుంది, ఏ రేవులో దించినా కస్టమ్స్ వారు మీ విషయంలో దానికి కట్టుబడతారు. అయితే అదే ప్రశ్న అధికారి దగ్గర పెండింగులో ఉండగా దరఖాస్తు తీసుకోరు, కాబట్టి ఈ సరుకు మదింపు ముగిశాకే వేయండి.

ప్రశ్న వేసినవారి జవాబు – గూడెం తవుడు నూనె

ముగ్గురికీ కృతజ్ఞతలండి. ఈ ఉదయం మా ప్రెస్‌హౌస్‌లో పోగు కొలిపించాను, 0.25 మిల్లీమీటర్లు వచ్చింది. కుట్టిన ముక్కలను వేరే వరుసగా చూపిస్తూ సవరణ కోరమని, జాప్యమయ్యేలా ఉంటే తాత్కాలిక మదింపు అడగమని ఏజెంటుకు చెప్పాను. పొడి తెల్లగానే ఉంది, తయారీదారుకు రాశాను. పాత రెండు బిల్లుల తేడాను మా ఆడిటరు లెక్క వేస్తున్నారు.