పాత క్రిబ్ (పసిపిల్లల ఊచల మంచం) బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. పాపకి నాలుగో నెల. ఇన్నాళ్లూ చీర ఉయ్యాలే, ఇప్పుడు పక్కకి దొర్లడం మొదలెట్టింది, భయమేసి మానేశాం. పాతపట్నం నుంచి మా అత్తగారు, వాళ్లింట్లో ముగ్గురు పిల్లలు పెరిగిన చెక్క క్రిబ్‌ని ఆటోలో వేయించి పంపించారు. చూడ్డానికి దిట్టంగానే ఉంది గానీ ఊచల మధ్య కూల్‌డ్రింక్ టిన్ను పెడితే సులువుగా అవతలికి వెళ్లిపోయింది. సందు 6 సెంటీమీటర్లు మించకూడదట, మించితే ఒళ్లు జారి తల ఇరుక్కుంటుందట. పైగా ఇది ఒక పక్క కిందికి దించే రకం, కొక్కెం వదులై కాస్త కదిపితే దానంతట అదే జారుతోంది. అలాంటివి అమెరికాలో 2011లోనే నిషేధించారు.

ఈ మాట అత్తగారికి చెప్పడమెలాగో, అదింకో టెన్షన్.

వడ్రంగేమో మధ్యలో ఇంకొన్ని ఊచలు వేసి, దించే పక్కని బోల్టులతో బిగించేస్తానంటున్నాడు. అలా చేయించి వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రంగు కూడా పెచ్చులూడుతోంది, పాత రంగులో సీసం ఉండొచ్చు కదా, పాప నోట్లో పెట్టుకుంటే? కొత్తదే కొనాలంటే బరంపురం వెళ్లడం మంచిదా, శ్రీకాకుళమా? పరుపు గట్టిదే తీసుకుంటాం, అంచు దగ్గర రెండు వేళ్లకి మించి సందు లేకుండా. మా దగ్గర దోమలు విపరీతం, దోమతెర పాప చేతికి అందకుండా ఎలా కడుతున్నారు? దిండ్లు, చుట్టూ మెత్తలు పెట్టమని మాత్రం చెప్పకండి, ఊపిరాడదని అవి ముందే వద్దనుకున్నాం.