రక్తపిశాచి భయం: 1725లో సెర్బియా సమాధుల్లో అసలేం కనిపించింది?

ప్రశ్న (గోదారిగట్టు):
రక్తపిశాచుల కథలకు మూలం పోర్ఫిరియా అనే జబ్బని ఒకరు, రేబీస్ అని ఇంకొకరు వీడియోల్లో తలో మాటా చెబుతున్నారు. మరోపక్క 18వ శతాబ్దంలో ఆస్ట్రియా అధికారులే దగ్గరుండి సమాధులు తవ్వించి, శవం నోట్లో రక్తం, కొత్త గోళ్లు చూశామని నివేదికలు రాశారట. అవి నిజంగా ఉన్నాయా? ఉంటే, చదువుకున్న వైద్యులు అలా ఎలా రాశారు?

పాతకాగితం:
ఉన్నాయండి. 1718 నాటి పాసరోవిట్జ్ సంధితో ఉత్తర సెర్బియా టర్కుల నుంచి ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గ్ వంశం పాలనలోకి వచ్చింది. అప్పటిదాకా ఊళ్లోవాళ్లే చూసుకునే తంతు అందుకే వియన్నా కాగితాలకెక్కింది.

మొదటిది 1725, కిసిల్యెవో అనే ఊరు. ఎనిమిది రోజుల్లో తొమ్మిది మంది పోయారు. పది వారాల కిందట పూడ్చిన పీటర్ బ్లగోయెవిచ్ వచ్చి పీక నులిమాడని ఊరంతా నమ్మింది. ఫ్రోమ్బాల్డ్ అనే అధికారి పైనుంచి అనుమతి రానివ్వమంటే, అంతదాకా ఆగలేం, ఊరొదిలి పోతామన్నారు. చేసేది లేక పూజారిని వెంటబెట్టుకుని వెళ్లాడు. ముక్కు కాస్త కుంగింది తప్ప శవం తాజాగా ఉందని, వాసన లేదని, పాత చర్మం ఊడి కింద కొత్తది కనిపించిందని, గోళ్లూ గడ్డమూ పెరిగాయని, నోట్లో రక్తం ఉందని రాశాడు. గుండెలో వాడి కొయ్య దింపితే చెవుల్లోంచి, నోట్లోంచి రక్తం వచ్చింది. తర్వాత కాల్చేశారు.

రెండోది మెద్వెజా అనే ఊరు, 1732 జనవరి. ఇది సైనిక వైద్యుడు ఫ్లూకింగర్ నివేదిక. మూడు నెలల్లో 17 మంది పోతే సమాధులు తవ్వించి శవాలను కోసి చూశాడు. మిలిట్సా అనే అరవై ఏళ్లావిడ బతికినన్నాళ్లూ ఎండుపుల్లలా ఉండేదని, ఇప్పుడింత ఒళ్లు ఎలా చేసిందని ఊళ్లోవాళ్లు నివ్వెరపోయారట. నా దృష్టిలో మొత్తం నివేదికలో అసలు ఆధారం ఈ ఒక్క వాక్యమే.

శవపంచనామా:
పైన చెప్పింది సరిగ్గా పట్టుకున్నారు. వాళ్లు చూసింది అబద్ధం కాదు, మామూలుగా కుళ్లే శవాన్నే చూశారు. పేగుల్లోని బ్యాక్టీరియా వదిలే వాయువులతో పొట్ట, ఛాతీ, ముఖం ఉబ్బుతాయి. మిలిట్సా ‘ఒళ్లు చేయడం’ అదే. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లో చేరిన ముదురెర్ర ద్రవం నోట్లోంచి, ముక్కులోంచి బయటికొస్తుంది. అది తాగిన రక్తం కాదు. పై చర్మం పొరలా ఊడితే కింద ఎర్రటి పొర కనిపిస్తుంది. దాంతోపాటే గోళ్లు రాలి, గోటి అడుగు నున్నగా బయటపడితే కొత్త గోళ్లు మొలిచినట్టుంటుంది. గడ్డం పెరగదు, చర్మం ఎండి వెనక్కి లాగడంతో అలా తోస్తుంది. గడ్డకట్టిన రక్తం మళ్లీ పలచబడడమూ ఉన్నదే. కొయ్య దింపినప్పుడు శవం మూలిగిందంటారు కదా, లోపలి గాలి గొంతులోంచి తన్నుకొచ్చే చప్పుడది.

కాలం లెక్క కూడా చూడండి. ఫోరెన్సిక్‌లో పాత మోటు సూత్రం ఒకటుంది: గాలిలో ఒక వారం, నీటిలో రెండు, మట్టిలో ఎనిమిది. దీని ప్రకారం పది వారాలు పూడ్చిన శవం బయట తొమ్మిది రోజులున్న శవంతో సమానం. చలి, లోతు, బంకమట్టి ఉంటే ఇంకా ఆలస్యం. మెద్వెజాలోనే ఒకచోట పూడ్చిన శవాల్లో కొన్ని పూర్తిగా కుళ్లాయి, కొన్ని కుళ్లలేదు. కుళ్లినవాటిని తిరిగి పూడ్చి, కుళ్లనివాటి తలలు నరికి, కాల్చి, బూడిద మొరావా నదిలో కలిపారు.

నిమ్మకాయ:
పోర్ఫిరియా (రక్తంలోని ఎరుపు పదార్థం ఒంట్లో సరిగ్గా తయారుకాని జబ్బు) వాదన 1985లో ఒక రసాయన శాస్త్రవేత్త తెచ్చింది. నిలబడదు. ఎండకు చర్మం పాడయ్యే ఆ తీవ్రమైన రకం ఇప్పటిదాకా నమోదైనదే కొన్ని వందల మందిలో. పైగా రక్తం తాగితే అది జీర్ణమైపోతుంది, రోగికి ఒరిగేదేం లేదు. అసలు సెర్బియా రైతుల పిశాచి ఉబ్బి ఎర్రబడ్డ శవం. పాలిపోయిన దొరబాబు, ఎండకు చావడం తర్వాతి నవలల, సినిమాల సరుకు. 1998లో వచ్చిన రేబీస్ వాదన కాస్త మెరుగేగానీ, శవాన్ని ఎందుకు తవ్వారో అదీ చెప్పదు.

గోదారిగట్టు:
ధన్యవాదాలండీ. మరి వరసగా ఎందుకు చనిపోయారు? మెడ మీద కొడవలి పెట్టిన సమాధులు కూడా దొరికాయంటారు కదా?

పాతకాగితం:
వరస చావులకు అంటురోగమే సరిపోతుంది. సెర్బియాలో అది ఏ రోగమో ఆ కాగితాలతో తేల్చలేం. అమెరికాలో మాత్రం స్పష్టం. 1892లో రోడ్ ఐలండ్‌లోని ఎక్సెటర్‌లో క్షయతో పోయిన మెర్సీ బ్రౌన్ శవాన్ని మార్చిలో బయటికి తీసి, గుండె, కాలేయం కాల్చి, ఆ బూడిద నీళ్లలో కలిపి జబ్బుపడ్డ అన్నకి తాగించారు. రెండు నెలలు తిరక్కుండానే అతనూ పోయాడు. ఆమె శవం చలికాలమంతా నేలపైనున్న గదిలో ఉంది, చెడకపోవడంలో వింతేముంది! క్షయ క్రిమిని కోఖ్ కనిపెట్టి అప్పటికే పదేళ్లు.

కొడవళ్లు నిజమే. పోలండ్‌లోని ద్రావ్‌స్కోలో 285 అస్థిపంజరాల్లో ఆరింటికే ఇలాంటి కట్టడి ఉంది: మెడ లేదా నడుం మీద కొడవలి, గొంతు మీద రాయి. లేవబోతే తెగాలనే ఏర్పాటు. వాళ్లు పరాయివాళ్లేమో అనుకున్నారుగానీ, పళ్లలోని స్ట్రాన్షియం (పెరిగిన చోటి తిండి, నీటి నుంచి పళ్లలో చేరే మూలకం) పరీక్షిస్తే స్థానికులేనని తేలింది. 2022లో అదే దేశంలోని పియెన్‌లో దొరికిన యువతికి మెడ మీద కొడవలితోపాటు ఎడమ కాలి బొటనవేలికి తాళంకప్ప కూడా ఉంది.

వెనిస్ దగ్గర ప్లేగు గోతిలో నోట్లో ఇటుకతో దొరికిన పుర్రెను మాత్రం ఈ జాబితాలో వెంటనే కలపొద్దు. ఆ మట్టి నిండా ఇటుక ముక్కలే, దవడ వదులయ్యాక ఒకటి లోపలికి జారి ఉండొచ్చన్న అభ్యంతరం ఇంకా అలాగే ఉంది.