అశ్లీలం, ఆబాసం, బూతు: మూడూ ఒకటేనా?

మొన్న ఆదివారం మైలాపూర్‌లో ఒకరింట్లో పద్యాలు చదువుకుంటున్నాం. నేను ముద్దుపళని అనే కవయిత్రి రాసిన శృంగారకావ్యం రాధికాసాంత్వనము తీసేసరికి పక్కనున్న పెద్దాయన పేజీ మీద చెయ్యి పెట్టి, "వద్దమ్మా, అశ్లీలం, పిల్లలున్నారు" అన్నారు. ఆయన మీద గౌరవంతో పుస్తకం మూసేశాను గానీ, ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

శ్రీ ఉన్నది శ్లీలం, లేనిది అశ్లీలం. రకారం లకారమైంది, అంతే. కావ్యాల మంచిచెడ్డలు విచారించిన మన ఆలంకారికులకి ఇది నేరం కాదు, కావ్యదోషం. సిగ్గు కలిగించేది, రోత పుట్టించేది, అమంగళం తోపించేది అని వాళ్ళలో ఒకడైన మమ్మటుడు మూడు రకాలు చెప్పాడు. అంటే పెళ్ళి పద్యంలో చావు గుర్తుకొచ్చే మాట పడితే అదీ అశ్లీలమే! పైగా సందర్భం కుదిరితే ఆ దోషమే గుణమవుతుందనీ ఆయనే అన్నాడు: వైరాగ్యం చెప్పేచోట రోత పుట్టాలి కదా మరి, ప్రియుల ముచ్చట్లలో సిగ్గుమాటా అంతే.

చెన్నైలో మనకి ఇంకో తిరకాసుంది. తమిళ వార్తల్లో దీన్ని ఆబాసం అంటారు. ఆభాస అనే అదే సంస్కృత పదం మన దగ్గర అభాసుపాలు కావడంలోనూ, సభ రసాభాస కావడంలోనూ మిగిలింది. రసాభాస కూడా కావ్యం గురించి పుట్టిన మాటే.

మరి ఈ అశ్లీలం కోర్టు మెట్లెక్కింది ఎప్పుడు? 1860 నాటి శిక్షాస్మృతిలో 292వ సెక్షన్ చెప్పిన నేరానికి మనం ఇదే పేరు పెట్టుకున్నాం. 1868లో ఇంగ్లండులో హిక్లిన్ కేసులో పుట్టిన కొలత ఏమిటంటే, చెడిపోయే మనసున్నవాళ్ళ చేతిలో ఈ పుస్తకం పడితే ఏమవుతుంది అని. మమ్మటుడు సందర్భం అడిగితే, ఇది పాఠకుడి బలహీనత అడుగుతుంది. మన సుప్రీంకోర్టు 1964లో ఈ కొలతనే ఒప్పుకుంది, 2014లో పక్కన పెట్టింది.

ఈ మధ్యలో నలిగింది ముద్దుపళని. 18వ శతాబ్దపు తంజావూరులో రాసిన ఆవిడ కావ్యాన్ని 1910లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఈ మద్రాసులోనే వావిళ్ళ వారి చేత అచ్చు వేయించారు. ఆడదాని నోట రాదగనివి ఇందులో ఉన్నాయని వీరేశలింగం పంతులు గారి అభ్యంతరం. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి వద్దా అని నాగరత్నమ్మ గారు ఎదురడిగారు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ సూటి జవాబు నాకు కనబడలేదు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో ప్రకాశం పంతులు గారి చొరవతో ఆ నిషేధం పోయి, 1952లో మళ్ళీ అచ్చయింది. నాకు బాధ కలిగించేదేమిటంటే, వీరేశలింగం గారు అడిగింది ఆ మాట కావ్యంలో ఎక్కడుందని కాదు, ఎవరి నోట వచ్చిందని.

మా పెరంబూరు అమ్మమ్మ అశ్లీలం అనేదే కాదు. ఆవిడకి మోటు వేరు, పచ్చి వేరు, బూతు వేరు. వీధిలో తిట్టుకుంటే బూతు. పెళ్ళిపందిట్లో వియ్యపురాళ్ళ మీద పాడే పాట మోటు, దానికి తనే గొంతు కలిపేది. ముద్దుపళనిది ఈ మూడింట్లో ఏదీ కాదు, శృంగారం. మీ ఇళ్ళల్లో ఏమనేవారో రాయండి.

పెద్దాయన గారూ, ఇది మీరూ చదువుతారని తెలుసు. వచ్చే ఆదివారం పిల్లలు ఆడుకోవడానికి వెళ్ళాక ఆ పద్యం మీరే చదవండి, మీ గొంతులో వినాలనుంది.