త్రాంబిన్ కలపకముందే వెలుగు తగ్గిపోతోంది

ప్రశ్న: రక్తం గడ్డకట్టించే ప్రోటీన్ త్రాంబిన్‌ని పట్టుకునే 15 బేసుల డీఎన్‌ఏ పోగు (ఆప్టామర్) వాడుతున్నాను. ఒక కొసన వెలిగే రంగు ఫ్లోరోసీన్, రెండో కొసన దగ్గరికొస్తే ఆ వెలుగును ఆర్పే క్వెంచర్. ప్రోటీన్ పట్టుకుంటే డీఎన్‌ఏ మడతపడి వెలుగు తగ్గాలి కదా? పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంలో (బఫర్) వేయగానే, త్రాంబిన్ చుక్క కూడా పడకముందే తగ్గిపోతోంది. మూడు రాత్రులుగా ఇదే పని. ఏడుపొస్తోంది అన్నా.

జవాబు: పీబీఎస్‌లో పొటాషియం ఉంది చెల్లీ! ఆ 15 బేసుల్లో 9 గ్వానిన్ (G) బేసులే. వాటిలో ఎనిమిది నాలుగేసి చొప్పున రెండు అంతస్తులుగా పేర్చుకుంటాయి. పొటాషియం నడుమ కూర్చుని ఆ మడతను బిగించేస్తుంది. ఇక ప్రోటీన్‌తో పనేముంది? పొటాషియం లేని ట్రిస్, మెగ్నీషియం బఫర్‌లో చూడు.

మరో జవాబు: ముందు ఆప్టామర్‌ని 95 డిగ్రీలకు వేడిచేసి చల్లార్చండి. పక్క వెల్‌లో (ప్లేటులోని గుంటలో) త్రాంబిన్ బదులు వేరే ప్రోటీన్, అల్బుమిన్, తప్పకుండా పెట్టండి. దానికీ తగ్గితే త్రాంబిన్‌ని గుర్తించినట్టు కాదు.

ప్రశ్న అడిగిన నేనే: పొటాషియం తీసేశాను. ఖాళీ వెల్ వెలుగుతూనే ఉంది, అల్బుమిన్‌దీ అంతే. త్రాంబిన్ వెల్ ఒక్కటే మసకబారింది! థాంక్యూ అన్నా.