పార్కులో రైడ్లు ఆగిపోతే టికెట్ డబ్బు తిరిగి ఇవ్వాలా, వద్దా?

మూసీ ఒడ్డు
అందరికీ నమస్కారం. వేసవి సెలవుల్లో మా అక్క వాళ్లూ మేమూ కలిసి పిల్లల్ని ఒక పెద్ద అమ్యూజ్‌మెంట్ పార్కుకి తీసుకెళ్లాం. ముందు రోజు రాత్రి ఆన్‌లైన్‌లో టికెట్లు కొన్నాం. లోపలికి వెళ్లాక చూస్తే పిల్లలు ఎంతగానో ఎదురుచూసిన రోలర్ కోస్టర్ ముందు తాడు కట్టి ఉంది. అక్కడున్న అబ్బాయిని అడిగితే "రెండు రోజుల నుంచీ నడవట్లేదు మేడమ్" అన్నాడు. అంటే మా దగ్గర డబ్బు తీసుకునేటప్పటికే వాళ్లకు తెలుసు. మధ్యాహ్నం గాలివాన మొదలైంది. ఎత్తు రైడ్లన్నీ ఆపేశారు, అలలు పుట్టించే వేవ్ పూల్‌లోంచి అందర్నీ బయటికి రమ్మన్నారు. వాన తగ్గాక మేము ఎక్కాల్సిన ఇంకో రైడ్ నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. చాలాసేపు క్యూలో నిలబడ్డవాళ్లందర్నీ వెనక్కి పంపారు.

కౌంటర్‌లో అడిగితే టికెట్ కింద సన్న అక్షరాలు చూపించారు. ఏ కారణంతోనైనా రైడ్లు ఆపే హక్కు యాజమాన్యానికి ఉందట, డబ్బు మాత్రం తిరిగి ఇవ్వరట. పార్కు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ షరతు నేను చూసిన చాలా టికెట్ల మీద ఉంది. ఇది న్యాయమేనా? మీరేమంటారు?

కొత్తపేట రాజు
ఇవ్వాల్సిందే, ఇందులో చర్చ ఏముంది? థాలీ ఆర్డర్ ఇస్తే సగం గిన్నెలు ఖాళీగా తెచ్చి పూర్తి బిల్లు వేస్తే ఎవరైనా కడతారా? ఇన్ని రైడ్లు అని హోర్డింగుల మీద లెక్క వేసి చూపించేది వాళ్లే. ఆ లెక్కలో ఎన్ని తగ్గాయో అంత డబ్బు వెనక్కి ఇవ్వాలి.

బోల్టునట్టు
రాజు గారూ, కాస్త ఓపిగ్గా వినండి. నేను కొన్నేళ్లు రైడ్ మెయింటెనెన్స్‌లో పనిచేశాను, ఇప్పుడు వేరే రంగంలో ఉన్నాను. పార్కుల తరఫున మాట్లాడాల్సిన అవసరం నాకు లేదు. కానీ మీరు చెప్పిన లెక్క నిజంగా అమల్లోకి వస్తే మనుషుల ప్రాణాల మీదకు వస్తుందని నా భయం.

రోలర్ కోస్టర్ ట్రాక్‌ని కొన్ని భాగాలుగా విడగొడతారు, వాటిని బ్లాకులంటారు. ఒక బ్లాకులో ఒకసారికి ఒక్క ట్రైనే ఉండాలి. ముందు బ్లాకు ఖాళీ అయిందని సెన్సర్ చెబితేనే వెనక ట్రైన్‌ని కంప్యూటర్ వదులుతుంది. ఏ సెన్సర్ లెక్క తేడా వచ్చినా మొత్తం ఆగిపోతుంది. బయట నిలబడ్డవాళ్లకు అది రైడ్ చెడిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అది సరిగ్గా పనిచేసింది కాబట్టే ఆగింది. ఆ తర్వాత మనిషి వెళ్లి ట్రాక్ అంతా కళ్లతో చూడాలి, కారణం తెలుసుకోవాలి, ఖాళీ ట్రైన్ తిప్పి చూడాలి. దానికి గంట పట్టవచ్చు, రోజంతా పట్టవచ్చు.

తొందరపడితే ఏమవుతుందో 2015 జూన్ 2న ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో జరిగింది. స్మైలర్ అనే కోస్టర్‌లో ఒక ఖాళీ ట్రైన్ ట్రాక్ మధ్యలో ఆగిపోయింది. వెనక మనుషులున్న ట్రైన్‌ని కంప్యూటర్ ఆపేసింది. ముందు ట్రైన్ ఏదీ లేదు, కంప్యూటరే పొరపాటు పడిందనుకున్నారు సిబ్బంది. ఆ ఆజ్ఞను పక్కన పెట్టి ట్రైన్‌ని వదిలారు. అది వెళ్లి ఖాళీ ట్రైన్‌ని గుద్దింది. 16 మంది గాయపడ్డారు, ఇద్దరు అమ్మాయిలకు కాలు తీసేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది కోర్టు ఆ కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

ఇప్పుడు ఆలోచించండి. రైడ్ ఆగిన ప్రతిసారీ ఇంత రీఫండ్ అని రూల్ పెడితే, మేనేజర్ ఫోన్ చేసేది ఎవరికి? రైడ్ నడిపే స్విచ్‌ల ప్యానెల్ ముందు కూర్చున్న ఇరవై ఏళ్ల కుర్రాడికి. "ఎంతసేపు ఆపుతావు, వదులు" అంటాడు. ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

గోదావరి అల్లుడు
బోల్టునట్టు గారి మాట నిజం. జనం కూడా తక్కువేం కాదు. రైడ్ ఆపితే ఆపరేటర్ కాలర్ పట్టుకున్నవాళ్లను నా కళ్లతో చూశాను. నెలకు పదో పదిహేను వేలో సంపాదించే పిల్లాడు అతను.

మూసీ ఒడ్డు
బోల్టునట్టు గారూ, ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్. మధ్యలో ఆగిపోయిన రైడ్ గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. దానికి డబ్బు అడగను. కానీ మా రోజులో జరిగినవి మూడూ ఒకే రకం కావు కదా. కోస్టర్ రెండు రోజుల ముందు నుంచే మూసి ఉంది. దాన్ని వెబ్‌సైట్‌లో ఒక్క లైన్ రాస్తే ఏ ఆపరేటర్ మీదా ఒత్తిడి పడదు, ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. టికెట్ కొనే ముందు తెలిస్తే మేము వచ్చే వారానికి వాయిదా వేసుకునేవాళ్లం. దాచిపెట్టి అమ్మడానికీ భద్రత కోసం ఆపడానికీ చాలా తేడా ఉంది. పార్కులు మొదటిదాన్ని రెండోదాని చాటున పెడుతున్నాయి. నాకు కోపం వచ్చేది అక్కడే.

గుంటూరు వకీలు
మూసీ ఒడ్డు గారు అసలు పాయింట్ పట్టుకున్నారు. చట్టం కూడా దాదాపు అక్కడే ఉంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. లోపమున్న సేవ అందించి, దాన్ని ఆపి డబ్బు వెనక్కి ఇవ్వడానికి నిరాకరించడాన్ని ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులో, లేకపోతే 30 రోజుల్లో ఇవ్వాలి. కాబట్టి "నో రీఫండ్" అని అచ్చు వేసినంత మాత్రాన చర్చ ముగిసిపోదు. "మా బాధ్యత లేదు" అనే బోర్డుల సంగతీ అంతే. ఢిల్లీలో ఒక స్టార్ హోటల్ వ్యాలే పార్కింగ్ (తాళాలు తీసుకుని సిబ్బందే కారు పెట్టే ఏర్పాటు) నుంచి కారు చోరీ అయిన కేసులో 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. పార్కింగ్ చీటీ మీద "ఓనర్ రిస్క్" అని రాసుకున్నా, తమ నిర్లక్ష్యం లేదని చూపించకుండా హోటల్ తప్పించుకోలేదని చెప్పింది. కారుకే అలా అంటే మనిషికి ఇంకెలా అనాలి?

అయితే సేవలో లోపం ఉందని చూపించే భారం మీది. తెలిసీ చెప్పకుండా అమ్మారు అనేది బలమైన కేసు. పిడుగులు పడుతుంటే పూల్ ఖాళీ చేయించారు అనేది బలహీనమైన కేసు. అది వాళ్లు చేయాల్సిన పనే.

ఇంకో మాట. "జీఎస్టీ కట్టేశాం, ఇప్పుడు తిరిగి ఇవ్వలేం" అని కౌంటర్‌లో అంటుంటారు. నమ్మకండి. సేవలో లోపం ఉంటే క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గించినట్టు ఇచ్చే కాగితం) ఇచ్చి పన్ను సర్దుకునే దారి జీఎస్టీ చట్టంలోనే ఉంది.

ఫ్లోరిడా తెలుగమ్మాయి
ఇక్కడి సంగతి చెబుతాను. అమెరికాలో అడిగితే ఇచ్చేస్తారని మనవాళ్లు అనుకుంటారు. వానకి గానీ, ఒక రైడ్ మూసినందుకు గానీ డిస్నీ వరల్డ్ మామూలుగా డబ్బు వెనక్కి ఇవ్వదు. ఎండాకాలంలో ఇక్కడ మధ్యాహ్నాలు ఉరుములు మామూలే, చుట్టుపక్కల మెరుపులు ఉంటే ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు టెన్షన్ పడుతుంటారు, "ఇంత డబ్బు పోసి వానలో నిలబడటమేంటే" అని.

కానీ మూసీ ఒడ్డు గారు అడిగిన ఆ ఒక్క లైన్ ఇక్కడ ఉంటుంది. ఫలానా రైడ్ మరమ్మతు కోసం ఫలానా తేదీల్లో మూసి ఉంటుందని ముందే క్యాలెండర్‌లో పెడతారు. ఆ రోజు ఏది నడుస్తోంది, ఏది ఆగింది అన్నది యాప్‌లో కనిపిస్తుంది. డబ్బు ఎక్కువ కట్టి క్యూ తగ్గించుకునే పాస్ తీసుకుంటే, ఆ సమయానికి రైడ్ ఆగిపోయినా పాస్ వృథా కాదు, తర్వాత వాడుకోవచ్చు. మన దగ్గర కూడా ఫాస్ట్ ట్రాక్ టికెట్లు అమ్ముతున్నారు కదా, కనీసం దానికైనా ఇలాంటి ఏర్పాటు ఉండాలి.

ఇద్దరు పిల్లల తల్లి
మీరంతా రైడ్లు ఆగడం గురించే మాట్లాడుతున్నారు. మాకు రైడ్లన్నీ నడిచాయి, అయినా రోజు పాడైంది. పెద్దోడికి ఎత్తు సరిపోయింది, చిన్నదానికి రెండు వేళ్లు తక్కువ. ప్రతి రైడ్ దగ్గరా కొలకర్ర కింద నిలబెట్టడం, వద్దనడం, అది ఏడవడం. ఆపరేటర్‌ని తప్పు పట్టను, ఎత్తు చాలని పిల్లకి ఆ లాక్ బార్ సరిగ్గా పట్టదు. కానీ టికెట్ ధర మాత్రం పెద్ద పిల్లలతో సమానంగా తీసుకున్నారు. ఏ ఎత్తుకి ఏ రైడ్లు అనేది టికెట్ కొనే పేజీలోనే కనిపించాలి.

ఇంకొకటి, డిస్నీ పార్కుల్లో రైడర్ స్విచ్ అని ఉంటుందట. చిన్నపిల్ల దగ్గర ఒకరు ఆగితే, రెండోవాళ్లు దిగాక ఆగినవాళ్లు మళ్లీ క్యూ కట్టకుండా ఎక్కవచ్చు. మన దగ్గర నేనూ మా ఆయనా విడివిడిగా రెండుసార్లు క్యూ కట్టాం. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు కదా?

నాంపల్లి బాబా
2025 జనవరిలో మన హైదరాబాద్ ఎగ్జిబిషన్ నుమాయిష్‌లో ఏమైందో గుర్తుందా? రైడ్ పైకెళ్లి ఆగిపోతే జనం దాదాపు అరగంట తలకిందులుగా వేలాడారు. అదే ఏడాది మేలో చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్ (ఈసీఆర్) మీద ఒక పార్కులో పైన చిక్కుకున్నవాళ్లను ఫైర్ వాళ్లు క్రేన్‌తో దించారు, గంటలు పట్టింది. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియా దగ్గర ఊయలలా ఊగే పెండ్యులం రైడ్ విరిగి పడి ఇద్దరు పోయారు. మీరు టికెట్ డబ్బు గురించి వాదించుకుంటున్నారు గానీ, నాకు కావలసింది వేరే. చివరిసారి ఈ రైడ్‌ని ఎవరు తనిఖీ చేశారు, ఏ తేదీన చేశారు? అది గేటు దగ్గర కాదు, రైడ్ దగ్గరే పెద్ద అక్షరాల్లో ఉండాలి. లిఫ్టుల్లో తనిఖీ కాగితం అడుగుతాం. ఇక్కడ ఎందుకు అడగం?

బోల్టునట్టు
బాబా భాయ్, ఈ మాటకి నా ఓటు. ప్రతి ఉదయం గేట్లు తెరవకముందు చెక్‌లిస్టు మీద సంతకాలు పెడతారు. ఆ కాగితం ఆఫీసులో ఫైలులో ఉంటుంది. దాన్ని బయట అతికించడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. సంతకం జనం కళ్లముందు ఉంటుందంటే పెట్టేవాడు కూడా ఇంకోసారి చూసుకుని పెడతాడు.

ఎవరైనా పైన చిక్కుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. లాక్ మీరు తీయడానికి ప్రయత్నించొద్దు, సిబ్బంది వచ్చి తీసేదాకా దిగొద్దు. సగం దూరంలో ఆగిన బండి ఏ క్షణంలోనైనా కదలవచ్చు. కింద ఉన్న చుట్టాలు అరిచి కంగారు పెట్టకుండా, పైనున్నవాళ్లలో ఎవరికి బీపీ ఉంది, ఎవరు గర్భిణి అనేది సిబ్బందికి చెబితే ఎక్కువ మేలు.

మూసీ ఒడ్డు గారికి: ముందే మూసిన రైడ్ సంగతిలో నేనూ మీవైపే. దానికి పరిహారం అడగండి. మధ్యలో ఆగినదానికి మాత్రం డబ్బు లెక్క కట్టే పద్ధతి వద్దు. కావాలంటే ఇంకో రోజు రావడానికి పాస్ ఇవ్వమనండి. అదైతే మేనేజర్ చేతిలోంచి ఆ రోజే నోట్లు పోవు, కుర్రాడి మీద ఒత్తిడీ తక్కువ.

కొత్తపేట రాజు
పాస్ అంటే హైదరాబాద్‌లో ఉన్న మనకు సరే. ఆదిలాబాద్ నుంచి, శ్రీకాకుళం నుంచి బండి మాట్లాడుకుని వచ్చినవాళ్లు మళ్లీ వస్తారా? వాళ్లకు ఆ పాస్ చిత్తుకాగితమే. దూరం నుంచి వచ్చేవాళ్లకే నష్టం ఎక్కువ, వాళ్లకే అడిగే ఓపిక తక్కువ.

గుంటూరు వకీలు
రాజు గారి అభ్యంతరం సరైనదే. అందుకే ఏది కావాలో ఎంచుకునే హక్కు కొనుక్కున్నవాళ్లకే ఉండాలి.

కేసు వేయాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. ముందు పార్కుకి మెయిల్ రాయండి, జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. పార్కు ఉన్న ఊరికి వెళ్లక్కర్లేదు, మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. టికెట్ మీది షరతే అన్యాయమని కొట్టేయించాలంటే మాత్రం స్టేట్ కమిషన్‌కి వెళ్లాలి. మామూలు కుటుంబానికి అది అనవసర శ్రమ. సేవాలోపం అని వేయండి, చాలు.

మూసీ ఒడ్డు గారూ, ఆ తాడు కట్టిన ఫొటో ఉందా?

మూసీ ఒడ్డు
ఉందండి. మా అక్క కొడుకు తీశాడు, తేదీ కూడా పడింది. కోస్టర్ గురించి మాత్రమే మెయిల్ రాస్తున్నాను. వాన సంగతీ, మధ్యలో ఆగిన రైడ్ సంగతీ కలపను. తర్వాత వచ్చేవాళ్లకైనా టికెట్ పేజీలో ఏది మూసి ఉందో చూపించమని కూడా అందులో అడుగుతాను. ఆ పిల్లల తల్లి గారు చెప్పిన ఎత్తుల పట్టిక కూడా చేరుస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.

ఇద్దరు పిల్లల తల్లి
తప్పకుండా చేర్చండి. రైడర్ స్విచ్ కూడా రాయండి.

కొత్తపేట రాజు
రాయండి మేడమ్. వాన విషయంలో మాత్రం నేను ఇంకా ఒప్పుకోను. పిడుగులు పడుతుంటే ఆపమనే నేనూ అంటాను. కానీ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మనకు వానలని వాళ్లకి తెలియదా? రైడ్లు సగం రోజు ఆగుతాయని తెలిసీ ఎండాకాలం ధరకే ఎందుకు అమ్ముతున్నారు? దీనికి బోల్టునట్టు గారు జవాబు చెప్పాలి.

బోల్టునట్టు
ఆ నెలల్లో ధర తగ్గించి అమ్మమనండి, నేనూ సంతకం పెడతాను. ఒకసారి అమ్మాక, మబ్బు పట్టినప్పుడల్లా ఎంత డబ్బు పోతుందో లెక్కేసుకునే పరిస్థితి మాత్రం రైడ్ ఆపాల్సిన మనిషికి రాకూడదు.