‘సూది ఏయించుకొని పోనాడు’: ఈ ‘కొని’లో ‘వల్ల’ ఉందా?

నిన్న ఎవరో ‘చనిపోయినవాళ్లలో ఎక్కువమంది టీకా వేసుకున్నవాళ్లే’ అన్న ముక్క పంపితే పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. 2021లో ఆమదాలవలస దగ్గర ఒక ఊళ్లో పెద్దకర్మకి వెళ్లాను. పోయినాయన నాకు పెద్దనాన్న వరస. వయసు 74, షుగరు, గుండెకు స్టెంటు. శుక్రవారం కోవిడ్ టీకా సూది వేయించుకున్నాడు, మంగళవారం తెల్లారగట్ల పోయాడు. గుమ్మం పక్కన కూర్చున్న పెద్దమ్మ వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్తోంది: ‘సూది ఏయించుకొని పోనాడు బాబూ.’ సాయంత్రానికి ఆయన మేనల్లుడు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు: ‘టీకా వల్ల మామయ్య మృతి.’

పెద్దమ్మ ‘వల్ల’ అనలేదు. మరి అతనికి అది ఎక్కడ దొరికింది?

నా అనుమానం మన క్త్వార్థకం మీద, అంటే ‘చేసి’, ‘వేయించుకొని’ లాంటి అసమాపక క్రియల మీద. ‘స్నానం చేసి గుడికి వెళ్లాడు’ అంటే ముందూ వెనకా, అంతే. ‘జారి పడ్డాడు’ అంటే కారణం. ‘వాన కురిసి చెరువు నిండింది’, అదీ కారణమే. రూపం మాత్రం ఒకటే. ఏది వరసో ఏది కారణమో వినేవాడే తేల్చుకోవాలి. భయంలో ఉన్నవాడు ఎటు తేల్చుకుంటాడో చెప్పక్కర్లేదు. పెద్దలు ఏమంటారు?

విజయనగరం నుంచి ఒక తెలుగు మాస్టారు:
వాన, చెరువు ఉదాహరణలో కర్తలు వేరు. భిన్నకర్తృకమైతే మన చెవి కారణమనే వింటుంది. మీ పెద్దమ్మగారి వాక్యంలో కర్త ఒక్కరే కాబట్టి రెండర్థాలూ వస్తాయి. ఇంకో సంగతి. బళ్లో వల్లె వేశాం కదా, ‘వలన, కంటె, పట్టి: పంచమీ విభక్తి’ అని. మూడూ ఒకే గూట్లో ఉన్నాయి. ‘వలన’ అనాలంటే ముందు ‘కంటె’ దాటి రావాలి. టీకా వేసుకున్నాక నాలుగు రోజుల్లో పోయిన ఆ వయసు వాళ్లు, మామూలుగా ఏ నాలుగు రోజుల్లోనైనా పోయేవాళ్ల కంటె ఎక్కువ ఉన్నారా? ఆ లెక్కను బట్టి కదా ‘వలన’! 2021 మార్చి 1 నుంచి మన దేశంలో టీకా 60 దాటినవాళ్లకీ, జబ్బులున్న 45 దాటినవాళ్లకీ మొదలైంది. అసలే ముప్పు ఎక్కువున్నవాళ్లు వాళ్లు.

మీకొచ్చిన ఆ ముక్క మాత్రం ‘లో’ తిరగబడ్డ కేసు. ఒక ఊళ్లో 1000 మంది పెద్దవాళ్లు ఉన్నారనుకోండి. 950 మంది వేసుకున్నారు, 50 మంది వేసుకోలేదు. ఏడాదిలో వేసుకున్నవాళ్లు 38 మంది, వేసుకోనివాళ్లు 4గురు పోయారు. చనిపోయిన 42 మందిలో 38 మంది టీకా వేసుకున్నవాళ్లే! అదే వేసుకున్నవాళ్లలో పోయినవాళ్లెందరో చూడండి: నూటికి 4. వేసుకోనివాళ్లలో నూటికి 8. ‘లో’ ఎవరి పక్కన పెట్టామన్నదే తేడా.

పలాస వైపు పనిచేసిన ఒక ఏఎన్‌ఎం:
మాస్టారూ, ‘వేసుకోని’ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మా జాబితాలో కొందరు వేసుకోనివాళ్లు, కొందరు వేసుకోలేనివాళ్లు. మంచం పట్టినవాళ్లను, జ్వరంతో ఉన్నవాళ్లను ‘తగ్గాక వేద్దాం’ అని వదిలేసేవాళ్లం. రిజిస్టర్లో అందరికీ పడింది ఒకటే గడి. ఆ మంచం పట్టినాయన వారంలో పోతే టీకా లేని లెక్కలోకి వెళ్తాడు.

రాసినవాణ్ణి:
ఆ ‘లే’ ఒక్క అక్షరమే కానీ పెద్ద పరిశోధకులనే తిప్పలు పెట్టిందమ్మా. అమెరికాలో పెద్దవాళ్ల ఫ్లూ టీకా మీద జరిగిన, 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఫ్లూ సీజన్ ఇంకా మొదలవకముందే టీకా వేసుకున్నవాళ్లలో మరణాలు బాగా తక్కువ కనిపించాయి. ఇంకా రాని ఫ్లూ నుంచి టీకా ఎలా కాపాడుతుంది? ఓపిక ఉన్నవాళ్లే వెళ్లి వేయించుకున్నారన్నమాట. ‘రెండు డోసులు వేసుకున్నవాళ్లు’ అన్నదీ అలాంటిదే. రెండో డోసు రోజు దాకా బతికినవాళ్లకే ఆ విశేషణం దక్కుతుంది.

బొబ్బిలి నుంచి ఒకరు:
ఇంత ఎందుకండీ, కాకతాళీయం అంటే పోలేదా? కాకి వాలింది, తాటిపండు పడింది.

రాసినవాణ్ణి:
లెక్క చూడకుండా ‘కాకతాళీయం’ అనడం కూడా తీర్పేనండి. 2021 మార్చి 8న టీకా వేసుకుని చనిపోయిన 68 ఏళ్ల ఆయన కేసును కేంద్రం వేసిన కమిటీ పరిశీలించింది. తీవ్రమైన అలర్జీతో, అంటే అనాఫిలాక్సిస్‌తో, పోయారని తేల్చింది. అక్కడ ‘వల్ల’ అనే రాయాలి, నీళ్లు నమలకూడదు. టీకా వేశాక అరగంట కూర్చోబెట్టేది దాని కోసమే.

అటువైపు వార్తలు కూడా చూడండి. 18–45 ఏళ్ల వాళ్ల ఆకస్మిక మరణాల మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 47 ఆస్పత్రుల్లో అధ్యయనం చేసింది. చనిపోయిన 729 మందిని బతికున్న 2916 మందితో పోల్చారు, అంటే ‘కంటె’ ఉంది. టీకా ముప్పు పెంచినట్టు కనపడలేదు. కుటుంబంలో ఆకస్మిక మరణాలు ఉండటం, కోవిడ్‌తో ఆస్పత్రి పాలవడం, ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం లాంటివి మాత్రం ముప్పుతో ముడిపడి కనిపించాయి. రెండు డోసుల వాళ్లలో ఆ ముప్పు తక్కువగా కూడా కనిపించింది. దాన్ని ‘టీకా ఆకస్మిక మరణాలను తగ్గించింది’ అని రాస్తే ఆ ‘తగ్గించింది’లో ఒక ‘వల్ల’ దాక్కుంటుంది. ‘పెంచలేదు’ అనడానికి నాకు అభ్యంతరం లేదు. ‘తగ్గించింది’ అనేముందు మన ఏఎన్‌ఎంగారి ‘లే’ గుర్తుచేసుకుంటాను.

మాస్టారు:
పేపర్లో అయితే ఎలా రాయమంటారు?

రాసినవాణ్ణి:
‘టీకా వేయించుకున్న నాలుగో రోజున మృతి, షుగరు, గుండె జబ్బు ఉన్నాయి’. ఇందులోనూ కాస్త మొగ్గు ఉందని తెలుసు. తారీకులు, జబ్బులు చెప్పి ఊరుకోవడం కంటె మెరుగైనది నాకు తట్టలేదు.

ఇదంతా ఆ మేనల్లుడికి పంపాను. ఇప్పుడే జవాబిచ్చాడు: ‘అత్త అన్న మాటే కదా బావా నేను రాసింది?’