మెలటోనిన్ రిసెప్టర్ జీన్‌లో తేడా ఉంటే రాత్రి భోజనం త్వరగా తినాలా?

అమ్మకు, మేనమామకు షుగర్ ఉంది. నాకు పరగడుపున 108 వచ్చింది. జీన్ టెస్టు చేయిస్తే ఎంటీఎన్‌ఆర్1బీ దగ్గర అమ్మానాన్నల నుంచి వచ్చిన రెండు కాపీలూ ‘జీ’ అనే తేడా రకమేనని రిపోర్టు. ఇది మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్ జీన్. ఈ తేడా ఉన్నవాళ్లకు పరగడుపు షుగర్, టైప్ 2 డయాబెటిస్ రిస్కు కాస్త ఎక్కువని 2009లోనే తేలింది. చీకటి పడ్డాక పెరిగే మెలటోనిన్ వీళ్లలో ఇన్సులిన్ విడుదలను ఎక్కువగా తగ్గిస్తుందట. నేనేమో డ్యూటీ దిగి, అమ్మ మూతపెట్టి ఉంచిన అన్నం, పప్పుచారు తినేసరికి పదకొండు అవుతుంది. వెంటనే పడక. అందుకే టెన్షన్. ఇలాంటి రిపోర్టు వచ్చినవాళ్లెవరైనా ఎనిమిదికే తినేసి చూశారా? పొద్దుటి రీడింగ్ తగ్గిందా? నిద్రకు మెలటోనిన్ మాత్ర వేసుకుంటే ఇబ్బందా? డ్యూటీకే క్యారేజీ తీసుకెళ్లి తింటే చాలా? డాక్టర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.